ఎవరైనా మార్చగల పేజీ

పెళ్లయి ఇంకా మూడు నెలలు నిండలేదు, నాకు కాలు ఒకచోట నిలవడం లేదు. తాళంచెవి తిప్పితే తలుపు తెరుచుకోవడం, ఆ తలుపు మాది కావడం, లోపల ఒకే కొక్కేనికి ఆయన చొక్కా, నా సంచీ ఒకదానిమీద ఒకటి వేలాడుతుండడం రోజూ చూసేవే. అయినా రోజూ నవ్వొస్తుంది. మా ఆయన లిఫ్టులు బాగుచేసే ఇంజినీరు. "నువ్వు కూడా మా లిఫ్టులాగే ఉన్నావు పుస్తకమ్మా, ఏ అంతస్తులోనూ ఆగవు" అంటాడు. నేను ఆయన్ని లిఫ్టాయనా అని పిలుస్తాను. ఇలాంటి పేర్లు బయటివాళ్లకు వినపడితే సిగ్గుగా ఉంటుంది గానీ, ఇక్కడ రాసేశాను కాబట్టి ఇక చేసేదేమీ లేదు.

ఆ సంబరానికి తోడు ఒక కంగారు కూడా వచ్చి చేరింది. లైబ్రరీలో మా హాలు పోయేలా ఉంది.

నేను పనిచేసే లైబ్రరీలో కింద పుస్తకాలు, పైన పొడవాటి కిటికీలున్న ఒక హాలు, దాని వెనక ఒక చిన్న గది. పై ఆఫీసువాళ్ల పాత రికార్డులకు చోటు చాలక, ఆ హాలుని వాళ్లకు అప్పగించమని కాగితం వచ్చింది. అందులో "వాడకంలో లేని హాలు" అని రాశారు. ఆ మాట చూడగానే నాకు ఒళ్లు మండింది. పరీక్షలకు చదువుకునేవాళ్లు, ఎండకు తాళలేక వచ్చి కూర్చునే పెద్దవాళ్లు, అందరూ అక్కడే ఉంటారు. కాకపోతే చప్పుడు చేయకుండా ఉంటారు. చప్పుడు చేయనివాళ్లను ఏ ఆఫీసు లెక్కేసుకుంటుంది?

అప్పుడు నేనే పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్లి ఒక ఆలోచన చెప్పాను. ఒక ఆదివారం పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే లావుపాటి నవలను ఊళ్లోవాళ్లు పైకి చదవాలి. మనిషికి పావుగంట. ఎక్కడా ఆగకూడదు. మేడమ్‌కి నచ్చింది. కొలతలు తీసుకోవడానికి రావలసిన ఆఫీసరుని ఆ ఆదివారమే రమ్మని కబురు చేశారు. ఆయన వస్తానన్నాడు గానీ, ఎప్పుడో చెప్పలేదు. అంటే ఆయన ఏ నిమిషాన మెట్లెక్కినా హాల్లో ఒక గొంతు వినపడుతూ ఉండాలి. అదీ లైబ్రరీ సిబ్బంది గొంతు కాకూడదు. "మనమే చదువుకుంటే మన హాలుని మనమే పొగుడుకున్నట్టుంటుంది" అన్నారు మేడమ్.

"సరే, చదివేవాళ్లని ఎవరు పోగుచేస్తారు? పోయినసారి ఫోన్లు చేసీ చేసీ నా చెవి వాచింది."

"ఫోన్లొద్దు మేడమ్. వికీ పెడదాం."

"అదేంటి?"

"ఎవరైనా తెరిచి రాసుకోగల పేజీ. టైములన్నీ పట్టికగా పెడతాను. వీలున్నవాళ్లు వచ్చి వాళ్ల పేరు వాళ్లే రాసుకుంటారు. వీలుకాకపోతే వాళ్లే మార్చుకుంటారు."

"ఎవరైనా?"

"ఎవరైనా."

"మంది ఎక్కువైతే మజ్జిగ పల్చనవుతుందమ్మాయ్."

"పల్చనైనా భయం లేదు మేడమ్. పాతది ఎక్కడికీ పోదు. చరిత్ర అని ఒక బటన్ ఉంటుంది. నొక్కితే ఎవరు ఏం మార్చారో మొత్తం కనపడుతుంది."

"ఆదివారం హాలు మూగబోయిందనుకో, నీ చరిత్ర నేను నొక్కుతాను" అన్నారు మేడమ్. అంటూనే టీ తెప్పించారు.

నాకు వికీలంటే ఇంత పిచ్చి ఎందుకో చెప్పాలి. మా పెళ్లి పనులు కూడా వికీలోనే నడిచాయి. రెండు ఇళ్లవాళ్లూ ఒకే పేజీలో రాసేవారు. పేజీ కింద చర్చ అని ఒక చోటుంటుంది. అక్కడ లిఫ్టాయన మొదటిసారి నాకు రాసిన మాట, "కుర్చీలు తక్కువైతే నేను నిలబడతాను". ప్రేమలేఖ అంటే నాకు అదే. పెళ్లయ్యాక రెండు కుటుంబాలూ కలిసి కొండమీద కాటేజీలో రెండు రోజులు గడపాలనుకున్నాం. దానికీ ఒక పేజీ తెరిచాను. మా అమ్మ బయలుదేరే టైము ఆరు అని రాస్తే మా అత్తయ్య మర్యాదగా ఎనిమిది చేసేవారు. మా అమ్మ ఇంకా మర్యాదగా దాన్ని మళ్లీ ఆరు చేసేది. చర్చలో మాత్రం "మీ ఇష్టమే వదినగారూ", "అయ్యో, మీ ఇష్టమే వదినగారూ" అని రాసుకునేవారు. మా మామయ్య విసిగిపోయి ఒకరోజు ఏడు చేశారు. ఆ ఏడుని ఇద్దరూ కలిసి తీసేశారు.

ఆ పేజీలో అందరూ మెచ్చుకున్న పని ఒక్కటే, అదీ అత్తయ్యది. ఆవిడ ఒక పెద్ద హాస్టల్లో వంటగది చూసుకుని రిటైరయ్యారు. టైముకి తిననివాళ్లని ముప్పై ఏళ్లు చూసీ చూసీ, మధ్యాహ్న భోజనం వేళంటే ఆవిడకు ఒక పట్టింపు పడిపోయింది. మా ఆడపడుచు రెండో రోజు మధ్యాహ్నం పడవ షికారు, తర్వాత కొండెక్కడం అని రాస్తే అత్తయ్య వాటిని తుడిచేసి "భోజనం వేళ" అని పెట్టారు. "అమ్మయ్య, ఆకలి తీరే దారి దొరికింది" అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడ రెండు రోజులు ఆ పొంగులోనే ఉన్నారు.

నేను చేసిన తెలివితక్కువ పని ఏంటంటే, లైబ్రరీ వికీని కూడా అదే ఖాతాలో తెరిచాను. కొత్త ఖాతా పెట్టడానికి బద్ధకం. అత్తయ్యకు ఇంటి పేజీలన్నీ మార్చుకునే వీలిచ్చాను. ఇంటివీ లైబ్రరీవీ ఒకే చోట ఉన్నాయన్న సంగతి నా తలకెక్కలేదు.

పట్టిక నిండుతుంటే ఆ ఆనందం చెప్పలేను. పుస్తకాలకు లేబుళ్లు అతికిస్తూ, మధ్యమధ్యలో చేతులు తుడుచుకుని పేజీ తిరగతెరిచేదాన్ని. రిటైరైన బస్సు కండక్టర్ గారు. మందుల షాపాయన. ఇద్దరు టీచర్లు. సందు చివర బట్టలు కుట్టే టైలర్ అక్క. ఆవిడ పేరు చూసి నేను కుర్చీలోంచి లేచాను. ఏళ్ల తరబడి మా దగ్గర పుస్తకాలు తీసుకెళుతుంది గానీ నలుగురిలో నోరు తెరవదు. పేరు రాసుకున్న మర్నాడు షాపు ముందు నుంచి వెళుతుంటే మిషను చప్పుడు లేదు, ఆవిడ గొంతు మాత్రం వినపడింది. కుట్టాల్సిన గుడ్డల మధ్య నవల విప్పుకుని పైకి చదువుకుంటోంది. నేను ఆగకుండా వెళ్లిపోయాను, చూశానని తెలిస్తే మానేస్తుందేమోనని.

పట్టిక పూర్తిగా నిండింది. శుక్రవారం పొద్దున మేడమ్‌కి చూపిద్దామని తెరిస్తే మధ్యలో ఒక గొయ్యి ఉంది. పన్నెండున్నర నుంచి రెండు దాకా ఆరుగురి పేర్లు లేవు. వాటి స్థానంలో శుభ్రంగా, ముద్దుగా, లావు అక్షరాల్లో "భోజనం వేళ" అని ఉంది.

చరిత్ర నొక్కనక్కరలేదు. అయినా నొక్కాను. మార్చినవారు: అత్తయ్య. మార్పుకి కారణం అనే చోట, "పాపం, ఎవరో ఖాళీ కడుపుతో చదువుతున్నారు" అని ఉంది.

వెనక్కి తిప్పు అని నొక్కాను. ఆరు పేర్లూ వచ్చి వాటి చోట్లలో కూర్చున్నాయి. ఇక అయిపోయిందనుకుని నీళ్లు తాగాను. తర్వాత చర్చ పేజీ చూశాను. కండక్టర్ గారు ముందురోజు సాయంత్రమే రాసి ఉన్నారు: "అర్థమైంది. ధన్యవాదాలు." దాని కింద మందుల షాపాయన: "మాకు ముందే చెప్పి ఉంటే బాగుండేది."

పేజీని వెనక్కి తిప్పడానికి బటన్ ఉంది. నొచ్చుకున్న మనిషిని తిప్పడానికి ఎక్కడ నొక్కాలి?

లిఫ్టాయనకు ఫోన్ చేశాను. ఆయన ఏదో లిఫ్టు గుంతలో ఉన్నాడు, మాట గుయ్యిమని మోగుతోంది.

"మీ అమ్మ నా ఆదివారాన్ని తినేసింది."

"ఏంటీ?"

అంతా చెప్పాను. ఆయన ముందు నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"అమ్మకి నేరుగా చెప్పు పుస్తకమ్మా. చుట్టుతిప్పి చెబితే ఇంకా పెద్దదేదో జరిగిందనుకుని అన్నం మానేస్తుంది."

"కొత్త కోడల్ని. వచ్చీరాగానే అత్తగారి తప్పు ఎత్తిచూపమంటావా?"

"ఎత్తిచూపకు. చూపించు చాలు."

నాకు ధైర్యం చాలలేదు. ముందు టైలర్ అక్క దగ్గరికి వెళ్లాను. ఆవిడ పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని ఒక కోటు భుజం సరిచేస్తోంది. తల ఎత్తలేదు.

"అక్కా, ఒక పొరపాటు జరిగింది. నీ పేరు మళ్లీ పెట్టేశాను."

ఆవిడ సూదులు ఒక్కొక్కటే తీసి గుడ్డకు గుచ్చింది. "పొరపాటున పేరు పడితే నమ్ముతాను. ఉన్న పేరు పొరపాటున ఎలా పోతుంది? ఎవరో తీస్తేనేగా."

"ఎవరో తెలియక..."

"ఆ ఎవరో ఎవరు?"

అత్తయ్య పేరు చెప్పబుద్ధి కాలేదు. ఆవిడ నా మౌనాన్ని ఇంకోలా అర్థం చేసుకుంది.

"నాలాంటిది అంతమందిలో చదవడమేంటని ఎవరికో అనిపించి ఉంటుంది. అదేదో మొహం మీదే చెప్పొచ్చుగా. నాకు ఈ కోటు రేపటికివ్వాలి, వెళ్లమ్మా."

లైబ్రరీకి తిరిగి వచ్చేసరికి మేడమ్ పేజీ ముందు కూర్చున్నారు. "ఒంటిగంటంపావు దగ్గర టైలర్ పేరుంది. ఆవిడ వస్తుందా?"

"తెలీదు మేడమ్."

"మందుల షాపాయన తమ్ముడు చదువుతాడట. ఆయన పేరు పెట్టు."

"ఆ పేరు ఒకసారి పోయింది. రెండోసారి తీయలేను మేడమ్."

"ఆ పావుగంటలోనే ఆఫీసరొస్తే?"

మేడమ్ "నువ్వే తెరిచావు, నువ్వే చూసుకో" అని వెళ్లిపోయారు. తిట్టినా బాగుండేది. మిగిలిన రోజంతా అట్టలకు లేబుళ్లు తలకిందులుగా అతికించాను.

సాయంత్రం నేరుగా అత్తయ్య ఇంటికెళ్లాను. మా ఇంటికి రెండు వీధుల అవతలే. తలుపు తీస్తూనే ఆవిడ మొహం వెలిగింది.

"చూశావా? ఆ పెద్ద పట్టిక కూడా సర్దేశాను. ఎవరిదో గానీ, ఆ పట్టిక వేసినవాళ్లకి బొత్తిగా జ్ఞానం లేదమ్మా."

"వేసింది నేనే అత్తయ్యా."

"ఓ" అన్నారు.

"అది కాటేజీది కాదు, మా లైబ్రరీది. మనిషికి పావుగంటే. ముందో వెనకో తింటారు."

"ముందో వెనకో అనేవాళ్లే అసలు తినరు" అన్నారు గానీ, గొంతులో బలం తగ్గింది. నా పక్కన కూర్చున్నారు. "వాళ్లు చూశారా?"

"చూశారు."

"ఎంతమంది?"

"ఆరుగురు."

ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు. "కడుపు చూద్దామనుకుని, కంచం ముందు నుంచి లేపేశానన్నమాట" అన్నారు. "ఫోన్ ఇలా ఇవ్వు. నేను లేపినవాళ్లని నేనే కూర్చోబెడతాను."

అత్తయ్య మాట్లాడడం వింటూ గదిలో అటూ ఇటూ తిరిగాను. కండక్టర్ గారితో, "అయ్యా, నేను పెద్దదాన్ని. మీరు ఉద్యోగంలో ఉన్నప్పుడు టిక్కెట్టున్న మనిషిని దింపారా? నేను దింపేశాను. మళ్లీ ఎక్కండి" అన్నారు. అవతల నుంచి పెద్ద నవ్వు నాకు కూడా వినపడింది. ఐదుగురు ఒప్పుకున్నారు. టైలర్ అక్క ఫోను మోగీ మోగీ ఆగిపోయింది. మర్నాడు అత్తయ్య షాపు దాకా వెళితే తలుపు మూసి ఉంది, కోటు ఇవ్వడానికి పోయిందని పక్క షాపువాళ్లు చెప్పారు.

ఆదివారం తొలి గొంతు టీచరుది. నవల రేవులో ఓడలకు గంట కొట్టే ఒక మనిషిది. గంట మోగకపోతే ఓడ రాయికి తగులుతుంది. ఇంతకంటే నా పరిస్థితికి తగిన పుస్తకం దొరకదు, దాన్ని ఎంచింది కూడా నేనే. జనం వచ్చారు. కిటికీల దగ్గర పిల్లలు, వెనక వరసలో పెద్దవాళ్లు. అత్తయ్య మూల కుర్చీలో కూర్చుని ప్రతి వాక్యానికీ తల ఊపుతున్నారు. లిఫ్టాయన గోడకానుకుని నిలబడ్డాడు. నేను మెట్లు దిగుతూ ఎక్కుతూ ఉన్నాను. కింద తలుపు చప్పుడైతే పైనుంచి కిందికి, పైన దగ్గు వినపడితే కిందినుంచి పైకి.

ఒంటిగంటకు కండక్టర్ గారు కూర్చున్నారు. బస్సులో చివరి సీటుకు వినిపించే గొంతు ఆయనది. ఆ గొంతు ఎత్తుకున్న కాసేపటికి, బూట్లు తుడుచుకుంటూ ఒక సన్నటి మనిషి మెట్లెక్కి వచ్చాడు. చేతిలో కొలత టేపు. ఆయన గుమ్మంలో నిలబడి హాలు పొడవు చూశాడు, కప్పు చూశాడు, చివరికి ఖాళీ కుర్చీ చూసి కూర్చున్నాడు. టేపు ఒళ్లో పెట్టుకున్నాడు.

పావుగంట దగ్గరపడింది. కండక్టర్ గారు పేజీ తిప్పుతూ కళ్లజోడు పైనుంచి నన్ను చూశారు. టైలర్ అక్క లేదు. ఆయన ఇంకో పేజీ తిప్పారు. గొంతు గరగరమంది, నీళ్లు తాగి మళ్లీ అందుకున్నారు. మేడమ్ నావైపు చూడడం మానేశారు.

అప్పుడు వచ్చింది టైలర్ అక్క. లోపలికి రాలేదు. గుమ్మంలో నిలబడి, "నా పేరు ఉందో లేదో ముందు చూపించు" అంది. గుసగుసగా అన్నాననుకుంది గానీ, మిషను పక్కన మాట్లాడి అలవాటైన గొంతు, హాలంతా తిరిగింది.

నేను ఫోను తెరిచి చూపించాను. ఆవిడ చూసింది. చరిత్ర బటన్ నొక్కి అక్కడి మాటలు కూడా చదివింది. "ఈ అత్తయ్య ఎవరు?"

నేను నోరు తెరిచేలోపే మూల కుర్చీ కిర్రుమంది. అత్తయ్య లేచారు. "నేనమ్మా. తీసింది నేనే. భోజనం వేళ కదా అని తీశాను. నీ చదువు చూసి కాదు, నీ ఆకలి చూసి."

"ఆకలా? నేను పదకొండింటికే తింటానండీ!"

"పదకొండింటికా! అది టిఫినమ్మా, భోజనం కాదు!"

"మీరు తీసినందుకు రెండు రోజులు అదీ దిగలేదు నాకు."

"నాకు దిగిందనుకున్నావా?"

కండక్టర్ గారి గొంతు వాళ్ల మాటల కింద మునిగిపోయింది. జనం అటు తిరిగారు. ఎవరో కిసుక్కుమన్నారు. మేడమ్ కళ్లు మూసుకున్నారు. హాలు పోయింది, పోయిందని నా లోపల ఏదో చెబుతూనే ఉంది.

"ఉష్!"

టేపు ఒళ్లో పెట్టుకున్న మనిషి. ముందుకు వంగి, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. చిరాగ్గా మా వైపు తిరిగి, "పొగమంచులో ఓడ వస్తోంది, గంట తాడు తెగిపోయింది. తర్వాత ఏమైందో విననివ్వరా?" అన్నాడు.

అత్తయ్య చటుక్కున కూర్చున్నారు. టైలర్ అక్క చెప్పులు విడిచి, నా వైపు చూడకుండా, ఆయన ముందు నుంచి వంగి నడుస్తూ వెళ్లి కండక్టర్ గారి పక్కన నిలబడింది. ఆయన వేలితో వాక్యం చూపిస్తూనే లేచారు. ఆవిడ ఆ వాక్యం సగం నుంచి అందుకుంది. మొదటి రెండు మాటలు వణికాయి. తర్వాత తాడు తెగిన మనిషి ఇనుప కడ్డీ తీసుకుని గంటను చేత్తో కొట్టే చోటు వచ్చింది. దాన్ని ఆవిడ ఎంత మెల్లగా చదివిందంటే, వెనక వరస వాళ్లు కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. ఆఫీసరు ఆ పావుగంటా కదల్లేదు. తర్వాత గోడ వెంబడి నడిచి, కొలతలు తీసుకుని, చప్పుడు కాకుండా దిగిపోయాడు. కొలిచాడు కాబట్టే నాకు భయం. సాయంత్రం పుస్తకం మూసేటప్పటికి అందరూ నన్ను మెచ్చుకుంటున్నారు, నాకు మాత్రం టేపు గర్రున చుట్టుకున్న చప్పుడే చెవిలో ఉంది.

ఆ వారం ఎలా గడిచిందో లిఫ్టాయననే అడగాలి. అన్నం పెట్టుకుని తినడం మర్చిపోయేదాన్ని. పోస్టు వచ్చే వేళకి గేటు దగ్గర నిలబడేదాన్ని. "ఉత్తరానికి రిఫ్రెష్ బటన్ ఉండదు పుస్తకమ్మా" అనేవాడు.

ఉత్తర్వు వచ్చింది. మేడమ్ చదివి నా చేతికిచ్చారు. హాలు మాదే. ఆదివారాల చదువులకు వాడుకోవచ్చని కూడా రాశారు. వెనక గది మాత్రం రికార్డులకు ఇవ్వాలి, సోమవారం లోపల ఖాళీ చేయాలి.

నేను ఎగిరి గంతేశాను. ఆ వెంటనే వెనక గదిలో ఏముందో గుర్తొచ్చి ఆగాను. మా బొమ్మల పుస్తకాల పెట్టెలు, పాత మ్యాపులు, ఎప్పటివో చెక్క కుర్చీలు. ఆ గదిలోనే నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు ఎవరికీ కనపడకుండా ఏడ్చుకున్నాను.

శనివారం లిఫ్టాయన తన పనివాళ్ల చక్రాల బండి తెచ్చాడు. మధ్యాహ్నమంతా ఇద్దరం కుర్చీలు హాల్లోకి లాగాం. "ఇటు", "కాదు, కొంచెం అటు", "నా కాలు!" అనుకుంటూ. హాలు ఇంతకు ముందు కంటే ఇరుకైంది. పొడవాటి కిటికీల్లోంచి వచ్చిన ఎండలో ఖాళీ కుర్చీల నీడలు వరసలు వరసలుగా పడ్డాయి.

మేడమ్ గుమ్మంలోంచి చూసి, "ఇన్నింటిలో కూర్చోవడానికి మనుషులెక్కడున్నారమ్మాయ్?" అన్నారు.

"వస్తారు మేడమ్" అన్నాను. ఎలా వస్తారో నాకు తెలీదు. ఒక కుర్చీలో కూర్చుని చూశాను. లేచి పక్కదానిలో కూర్చున్నాను. ఆ తర్వాత దాని పక్కదానిలో.